బడిలో దెబ్బలు వద్దని పిల్లలే అడుగుతున్నారు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక బడికి దగ్గర్లో మాది జిరాక్స్, స్టేషనరీ షాపు. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఐదుగురు వచ్చి, చేత్తో రాసిన కాగితం ఒకటి ఇచ్చి నలభై కాపీలు కావాలన్నారు. ఒడియాలో, కింద తెలుగులో, "కొట్టకుండా చదువు చెప్పండి" అని రాసుంది. డబ్బులు రూపాయి, రెండు రూపాయల బిళ్ళలుగా పోగేసి రుమాల్లో మూటగట్టి తెచ్చారు. ఆ రోజు నుంచి వాళ్ళ వెనకాల నిలబడ్డ పెద్దవాళ్ళలో నేనూ ఒకదాన్ని. గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్ళు, పాతపట్నం వైపు చుట్టాలు, షాపుకొచ్చే అమ్మానాన్నలు, మాస్టార్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఇంతకీ పిల్లలు అడుగుతున్నది ఏంటి?

ఒంటి మీద చెయ్యి వేయొద్దు. కులం పేరుతో, ఇంటి భాష పేరుతో, ఒంటి రంగు పేరుతో నలుగురిలో అవమానించొద్దు. తప్పు చేస్తే ఏం చేస్తారో ముందే చెప్పండి, గోడ మీద రాసి పెట్టండి, రాసిందే చేయండి.

ఈ చివరిది మాలాంటి పెద్దవాళ్ళకి తట్టనే లేదు, పిల్లలే చెప్పారు. హోంవర్క్ చేయకపోతే సోమవారం ఏమీ అనరు, మంగళవారం అదే తప్పుకి అరచెయ్యి వాచేలా కొడతారు. సార్ ఈ రోజు ఎలా ఉన్నారో ఒకడు గేటు దగ్గరే చూసొచ్చి మిగతావాళ్ళకి చెప్తాడట, దాన్నిబట్టి వెనక బెంచీయా ముందు బెంచీయా అని తేల్చుకుంటారట. పదకొండేళ్ళ పిల్లలు పొద్దున్నే చేసే మొదటి పని ఇది!

కొట్టడం అంటే బెత్తంతో కొట్టడమేనా?

కాదు. గోడకుర్చీ, గుంజీలు, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం, తొడపాశం, చెవి మెలిపెట్టడం, వేళ్ళ మధ్య పెన్సిల్ పెట్టి నొక్కడం, ఒకడి చెంప ఇంకొకడి చేత వాయించడం, బాత్రూమ్‌కి పోనివ్వకపోవడం అన్నీ దండనే. "నీకు చదువు రాదు, పోయి మేకలు కాసుకో" అనడం కూడా. విద్యాహక్కు చట్టంలో శారీరక దండన అనే మాట పక్కనే మానసిక వేధింపు అనే మాట కూడా ఉంది, జనం మొదటిది చదివి రెండోది వదిలేస్తారు.

జాతీయ బాలల హక్కుల కమిషన్ 2009-10లో 7 రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగితే, మాకు ఏ శిక్షా పడలేదు అన్నవాళ్ళు 9 మంది. వందమందికి 9 కాదు, మొత్తం 6,632 మందిలో 9 మంది. నూటికి 75 మంది బెత్తం దెబ్బ తిన్నామన్నారు, 69 మంది చెంపదెబ్బ అన్నారు. నీ వల్ల కాదు, నీకు చదువు రాదు అనిపించుకున్నవాళ్ళు బెత్తం తిన్నవాళ్ళ కంటే కూడా ఎక్కువ.

చట్టం ఉన్నప్పుడు ఇంకా పిల్లలు అడగడం దేనికి?

ఉందని ఎవరికీ తెలీదు కాబట్టి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1న, సరిగ్గా మన ఉత్కళ దినోత్సవం నాడు, అమల్లోకి వచ్చింది. అందులో 17వ సెక్షన్ రెండే వాక్యాలు: ఏ పిల్లనీ కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు, అలా చేసినవాళ్ళ మీద వాళ్ళ సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవాలి. అంతకు పదేళ్ళ ముందే, 2000 డిసెంబర్ 1న, ఢిల్లీ హైకోర్టు అక్కడి బడుల్లో దండనకి వీలిచ్చే నియమాన్ని కొట్టేసింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లోనే చేరింది, దాంట్లో బడి క్రమశిక్షణ పిల్లల గౌరవానికి తగ్గట్టు ఉండాలని 28వ అధికరణంలో, పిల్లలకి సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 12వ అధికరణంలో ఉంది.

ఇన్ని ఉన్నా, మా పిల్లలు కాగితం మీద 17వ సెక్షన్ రాసుకుని వెళ్తే ఒక తండ్రి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కొట్టకూడదని గవర్నమెంటే రాసిందా అమ్మా?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. ఆయన పాపని బడిలో చేర్చిన రోజు సార్‌తో, "కళ్ళు రెండూ వదిలేసి మిగతా ఒళ్ళంతా మీ ఇష్టం బాబూ" అని చెప్పి వచ్చాడట. ఇలాంటి తండ్రికి అధికారి చెప్తే తలూపుతాడు, ఇంటికెళ్ళి మర్చిపోతాడు. కన్నబిడ్డ చెప్తే వింటాడు. చట్టం పదిహేనేళ్ళుగా చేయలేని పని పిల్లల నోరు చేస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఆ నోరు మూయించకుండా కాపలా కాయడమే పెద్దవాళ్ళుగా మా పని.

మేమూ దెబ్బలు తినే పైకొచ్చాం కదా?

నేనూ తిన్నాను. నాలుగో తరగతిలో పణికియా అప్పజెప్పమంటే (ఎక్కాల్ని ఒడియాలో అలాగే అంటారు) ఏడో ఎక్కం మధ్యలో ఒడియా ఆగిపోయి, "ఏడార్లు నలభై రెండు" అని తెలుగు వచ్చేసింది నోట్లోంచి. లెక్క తప్పు కాదు, భాష తప్పు. చెక్క డస్టర్ అంచుతో వేళ్ళ కణుపుల మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఇంటికొచ్చి చూపిస్తే నాన్న, "సరిగ్గా చదువుకో మరి" అన్నాడు. ఆయన కఠినాత్ముడేం కాదు, రాత్రి తనే కొబ్బరినూనె రాశాడు, అప్పటి తీరు అది. కానీ ఆ తరవాత ఎనిమిదో తరగతి దాకా క్లాసులో ఏ ప్రశ్నకీ నేను చెయ్యి ఎత్తలేదు, జవాబు తెలిసినా సరే. మళ్ళీ నోరు తెరిచానంటే అది ఒక లెక్కల సార్ వల్ల. "నీకు వచ్చిన భాషలో చెప్పు, నేను బోర్డు మీద రాస్తాను" అన్నారాయన. నేను పైకొచ్చిందంటూ ఉంటే ఆ మాట పట్టుకుని వచ్చాను, డస్టర్ పట్టుకుని కాదు.

ఇంకొకటి కూడా చూడండి, పైకి రానివాళ్ళు మన పక్కన కూర్చుని ఈ మాట అనరు. ఐదో తరగతిలో మేం ముప్ఫై ఎనిమిది మందిమి, పదో తరగతి పరీక్ష రాసింది పదిహేడు మందిమి. మిగతావాళ్ళంతా దెబ్బలకే మానేశారని నేను అనను. పొలం పనులు, చిన్నప్పుడే పెళ్ళిళ్ళు, సూరత్ మిల్లులు, ఎన్నో ఉన్నాయి. కానీ ఆ మానేసినవాళ్ళలో నలుగురు ఇప్పటికీ షాపుకొస్తారు. ఎందుకు మానేశావ్ అని అడిగితే ముగ్గురు ముందుగా చెప్పింది ఒక సార్ పేరు.

కొట్టకపోతే భయం ఉండదు, క్రమశిక్షణ ఎలా వస్తుంది?

భయం ఉంటుంది, అది బెత్తం కనబడినంత సేపే. సార్ బయటికి వెళ్ళగానే ఆ క్లాసు ఎలా ఉంటుందో బడి పక్కన షాపు నడిపేదాన్ని నాకు చెప్పక్కర్లేదు, రోజూ వింటాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో పాటు ఇథియోపియా, పెరూ, వియత్నాం పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన ఒక పెద్ద పరిశోధనలో, ఎనిమిదేళ్ళవాళ్ళు పదిహేనేళ్ళవాళ్ళ కంటే రెట్టింపుకు పైగా దెబ్బలు తింటున్నారని తేలింది. అంటే అల్లరి ఎక్కువైనందుకు కాదు, తిరిగి ఏమీ అనలేనివాళ్ళు కాబట్టి కొడుతున్నాం. మీసాలు మొలిచిన పదో తరగతి కుర్రాణ్ణి కొట్టేముందు సార్ కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. బడి ఎందుకు నచ్చదు అని అడిగితే నాలుగు దేశాల పిల్లలూ ఎక్కువగా చెప్పింది కూడా బడిలో పడే దెబ్బలు, తిట్లే.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని ఒక పెద్దాయన నాతో వాదించారు. మొక్కని వంచేవాళ్ళు కర్రకి కట్టి, నీళ్ళు పోసి, మెల్లిగా వంచుతారు తాతా, కొట్టి ఎవరూ వంచరు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కానీ మర్నాడు వచ్చి మనవడి నోటుబుక్కుతో పాటు పిల్లల కరపత్రం ఒకటి అడిగి తీసుకెళ్ళారు.

ఇక్కడ ఒడిశాలో మన పిల్లలకి ప్రత్యేకంగా ఏముంది ఇబ్బంది?

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, కాస్త పొడుగ్గానే చెప్తాను.

ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు-ఒడియా కలిపి, కొండ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి సవర లేకపోతే కువి, బడిలో మాత్రం పూర్తిగా ఒడియా. ఒకటో తరగతి పిల్లకి గురుమా (టీచరమ్మ) "పుస్తకం తీయి" అని ఒడియాలో అంటే అర్థం కాదు, తీయదు, అంటే మాట వినలేదు, కాబట్టి ఒక దెబ్బ. పక్కపిల్లని తెలుగులో గుసగుసగా అడుగుతుంది, అంటే కబుర్లు చెప్తోంది, ఇంకో దెబ్బ. ఆ పిల్ల చేసిన తప్పేంటో ఆ పిల్లకి తెలియదు, కొట్టిన మనిషికీ తెలియదు! ఇలా ఏడాది గడిస్తే ఆ పిల్ల మొద్దు అని బడంతా తేల్చేస్తుంది, ఇంట్లో కూడా అదే అనుకుంటారు.

పిల్లలు బడి వరండాలో ఒక పెట్టె పెట్టారు, పాత బూట్ల డబ్బాకి బ్రౌన్ పేపర్ అంటించి మీద కన్నం చేసి. పేరు రాయక్కర్లేదు, చెప్పాలనుకున్నది చీటీ మీద రాసి వేయొచ్చు. మొదటి వారం చీటీలు నా షాపు బల్ల మీదే పోసి చదివాం. ఒక చీటీ ఎవరికీ అర్థం కాలేదు. ఒడియా అక్షరాలు, కానీ ఒడియా మాటలు కావు. పైకి గట్టిగా చదివితే అప్పుడు తెలిసింది, అది తెలుగు. "నేను దొంగని కాదు, నాకు అర్థం కాలేదు" అని ఉంది. ఆ పిల్లకో, పిల్లాడికో తెలుగు రాయడం రాదు, వచ్చిన అక్షరాలు ఒడియావి, కడుపులో ఉన్న మాట తెలుగు. చదివిన ఏడో తరగతి అమ్మాయి ఇంకేం మాట్లాడకుండా ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి తన జామెట్రీ బాక్సులో దాచుకుంది, ఇప్పటికీ అందులోనే ఉంది.

ఇదే పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) కొండ మీది సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తను సవర నేర్చుకోవాలని నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. పిల్లకి అర్థం కాకపోతే మారాల్సింది మాస్టారు భాష, పిల్ల వీపు కాదని ఈ ఊళ్ళోనే ఒక మాస్టారు చేసి చూపించారు. ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, దండలు వేస్తాం, ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఒడిశా ప్రభుత్వం కూడా 2006 ప్రాంతంలో సవర, కువి, కోయ లాంటి పది గిరిజన భాషల్లో మొదటి తరగతులు మొదలుపెట్టింది. కాబట్టి పిల్లలు ఏదో కొత్తగా అడుగుతున్నారని అనుకోకండి.

ఇది మాస్టార్ల మీద యుద్ధమా?

ఎంతమాత్రం కాదు. పిల్లలు రాసిన మొదటి ఉత్తరంలో రెండో పేరా ఏంటో తెలుసా? "మా బడికి ఇంకో టీచర్ని ఇవ్వండి" అని. రెండు తరగతులు ఒకే గదిలో, ఒకే సార్, మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎన్నికల డ్యూటీలు, సర్వేలు. చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరు, పై తరగతుల్లో 35 మందికి ఒకరు ఉండాలి. సార్ చిరాకు ఎక్కడ నుంచి వస్తోందో పిల్లలకి మనకంటే బాగా తెలుసు. కానీ ఆ చిరాకు దిగాల్సింది తమ ఒంటి మీద కాదని కూడా వాళ్ళకి తెలుసు.

మా షాపు గురించి కూడా చెప్పాలి. నాన్న హయాంలో జూన్ వచ్చిందంటే చాక్‌పీసులు, రిజిస్టర్లు, బెత్తాలు ఒకే బిల్లులో రాసిచ్చేవాళ్ళం. ఏ బెత్తం బాగా వంగుతుందో పట్టుకుని చూసి ఎంచుకునేవారు. నేను కూడా పదేళ్ళు అమ్మాను. ఆ పిల్లలు కాపీలకి వచ్చిన రోజు గోడకి నాలుగు బెత్తాలు వేలాడుతూనే ఉన్నాయి, వాళ్ళు చూశారు, ఏమీ అనలేదు. ఆ రాత్రే తీసేశాను. ఇప్పుడు మాస్టార్లు వచ్చి అడిగితే లేవని చెప్పను, అమ్మనని చెప్తాను, ఎందుకో కూడా చెప్తాను. మొదట్లో ఇద్దరు కోపగించుకున్నారు. అందులో ఒకరు, బెత్తం వాడకుండా నలభై మందిని ఎలా కూర్చోబెట్టాలో ఎవరూ మాకు నేర్పలేదమ్మా అన్నారు, ఆ మాటలో నిజం ఉంది.

పిల్లలు ఇలా ఎదురు తిరగడం కొత్త పోకడ కాదా?

మూడున్నర వందల ఏళ్ళ పాత పోకడ. 1669లో ఇంగ్లండ్‌లో బడి దెబ్బల మీద పిల్లల పేరుతో పార్లమెంటుకి ఒక అర్జీ వెళ్ళింది. 1889లో స్కాట్లండ్‌లో మొదలై ఎన్నో ఊళ్ళలో పిల్లలు బడి మానేసి బెత్తం వద్దని ఊరేగారు. 1911 సెప్టెంబర్‌లో వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్ళో ఒక పిల్లాణ్ణి కొట్టారని తోటి పిల్లలు బయటికి వచ్చేశారు. అంతకు కొన్ని వారాల ముందే అదే ఊళ్ళో రైల్వే సమ్మె జరిగి, సైనికుల కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అంటే ఆ పిల్లలు సమ్మె చేయడం నేర్చుకుంది తమ నాన్నల దగ్గర! అది అరవైకి పైగా ఊళ్ళకి పాకింది. అప్పటికి వాళ్ళు గెలవలేదు, వెనక్కి వచ్చాక చాలామందికి మళ్ళీ అదే బెత్తం తగిలింది. 1972 మే నెలలో లండన్‌లో వేలమంది విద్యార్థులు మళ్ళీ రోడ్డెక్కారు.

నాకు బాగా నచ్చేది జెఫ్రీ కోసన్స్ కథ. స్కాట్లండ్ కుర్రాడు, 1976లో ఇంటికి వెళ్తూ శ్మశానం గుండా అడ్డదారిన పోయాడని తోలు పట్టీతో కొడతామన్నారు. కొట్టించుకోను అన్నాడు, అంతే. బడి నుంచి సస్పెండ్ చేశారు. వాళ్ళమ్మ, ఇంకో తల్లి కలిసి ఐరోపా మానవ హక్కుల కోర్టుకి వెళ్ళారు, 1982లో గెలిచారు. 1986లో బ్రిటన్ పార్లమెంటులో ప్రభుత్వ బడుల్లో దండన వద్దనే తీర్మానం 231-230తో, ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. మా పిల్లలకి ఈ కథ చెప్పినప్పుడు ఒకడు, "ఆ అబ్బాయి మళ్ళీ బడికెళ్ళాడా?" అని అడిగాడు. లేదు, ఆ తరవాత బడి మొహం చూడలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఎదురు తిరిగితే మా పిల్ల మీద పగబట్టరా?

ఈ టెన్షన్ న్యాయమైనదే. మార్కులు తగ్గించొచ్చు, నలుగురిలో ఎగతాళి చేయొచ్చు, హాస్టల్ పిల్లయితే రాత్రీపగలూ వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అందుకే ఏ పిల్లా ఒంటరిగా అడగకూడదు.

పిల్లలే దీనికొక ఉపాయం కనిపెట్టారు. ఉత్తరం కింద వరసగా సంతకాలు పెడితే మొదటి పేరు ఎవరిదో వాళ్ళే నాయకుడని పట్టుకుంటారు కదా. మధ్యాహ్న భోజనం పళ్ళెం తెచ్చి చార్టు మీద బోర్లించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో గీసి, ఆ గీత వెంబడి గుండ్రంగా పేర్లు రాశారు. మొదలు లేదు, చివర లేదు. మధ్యలో ఉత్తరం. ఆ చార్టు మీద ఒకచోట పసుపు మరక కూడా ఉంది, పళ్ళెం సరిగ్గా కడగలేదు. వంట చేసే అక్క మరక చూసి నవ్వి, తనూ పక్కన వేలిముద్ర వేసింది.

పెద్దవాళ్ళు చేయాల్సింది: ఉత్తరం ఇచ్చేటప్పుడు కనీసం ఇద్దరు అమ్మలు పిల్లలతో ఉండాలి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోవాలి, తరవాత నెల రోజులు వారానికోసారి బడికి వెళ్ళి ఊరికే కనబడి రావాలి. వినడానికి చిన్నవిగా ఉంటాయి, ఇవే పనిచేశాయి.

దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలి?

గాయం ఉంటే ముందు ఆస్పత్రి, ఓపీ చీటీ దాచుకోండి. తరవాత హెడ్‌మాస్టర్. ఆయన కదలకపోతే బడి మేనేజ్‌మెంట్ కమిటీ. ఇందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళుండాలి, ఇది విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్. కేంద్రం 2010లో ఇచ్చిన మాదిరి నియమాల్లో బడి పిల్లలకి కూడా ఆ కమిటీలో చోటివ్వడానికి వీలుంది, ఎవరూ వాడుకోరు గానీ అడగండి. ఆ తరవాత బ్లాక్ ఎడ్యుకేషన్ ఆఫీసర్, జిల్లా విద్యాధికారి, కలెక్టర్ గ్రీవెన్స్. రాతలో ఇస్తే 32వ సెక్షన్ ప్రకారం మూడు నెలల్లోపు తేల్చాలి, తేల్చకపోతే భువనేశ్వర్‌లో ఉన్న రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు.

రాసే అర్జీ ఒడియాలో ఉంటే పని తొందరగా అవుతుంది, తెలుగులో రాసుకుని ఎవరిచేతైనా ఒడియాలో రాయించండి. తేదీ, టైము, ఏ తరగతి గది, దేంతో కొట్టారు, ఎవరు చూశారు. విశేషణాలు వద్దు.

పిల్లలు నేరుగా ఫోన్ చేయగలిగింది పిల్లల హెల్ప్‌లైన్ 1098కి. డబ్బులు పడవు, రాత్రి కూడా ఎత్తుతారు. నోటుబుక్కు అట్ట లోపల ఈ నంబరు రాసిపెట్టండి.

కేసు పెడితే జైలుకి పంపుతారా?

తీవ్రమైతే పోవచ్చు. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం పిల్ల తమ అధీనంలో ఉన్నప్పుడు అనవసరమైన బాధ కలిగేలా కొట్టినా, హింసించినా మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దళిత, గిరిజన పిల్లని బయటి కులంవాళ్ళు నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే దానికి 1989 నాటి అట్రాసిటీల నిరోధక చట్టం వేరే ఉంది. ప్రతి దెబ్బా అంతదాకా పోదు, పోవాలని మా పిల్లలూ కోరడం లేదు. వాళ్ళకి కావలసింది మర్నాడు పొద్దున అదే సార్ కొట్టకుండా పాఠం చెప్పడం.

ప్రైవేటు బడి? ట్యూషన్? తొమ్మిదో తరగతి?

ప్రైవేటు బడులకీ 17వ సెక్షన్ వర్తిస్తుంది. ఫీజు కట్టాం కాబట్టి అడగకూడదనేమీ లేదు, కట్టినందుకే అడగాలి. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వరకే, కానీ బాలల న్యాయ చట్టం 18 నిండేదాకా కాపాడుతుంది, కాబట్టి తొమ్మిది, పది తరగతులవాళ్ళు, ట్యూషన్‌కి వెళ్ళేవాళ్ళు దాని కిందికి వస్తారు.

వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే తొందరగా న్యాయం జరుగుతుంది కదా?

దయచేసి పెట్టకండి. పిల్ల మొహం, పేరు, బడి పేరు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. నేరం సంగతి పక్కన పెట్టినా, ఏడుస్తున్న తన మొహం ఊరంతా చూసిందని ఆ పిల్ల పెద్దయ్యాక కూడా మర్చిపోదు. వీడియో ఉంటే అధికారికి చూపించండి, గ్రూపులో కాదు.

ఇంట్లో మేం కొడితే?

పిల్లలు దీని గురించి కూడా చీటీలు వేశారు, బడి చీటీల కంటే ఎక్కువే వచ్చాయి. అమ్మానాన్నల మీటింగులో ఎవరి చీటీయో చెప్పకుండా నాలుగు చదివారు. ఒక తల్లి మధ్యలో లేచి బయటికి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది. స్వీడన్ 1979లోనే ఇంట్లో కూడా కొట్టకూడదని చట్టం చేసింది, మన పక్కన నేపాల్ 2018లో చేసింది. మనకి ఇంకా అలాంటి చట్టం లేదు. మా ఇంట్లో మాత్రం మేం మానేశాం.

మా అమ్మాయి ఏమీ చెప్పదు, కొడుతున్నారని ఎలా తెలుస్తుంది?

అన్నం తినేటప్పుడు చెయ్యి చూడండి. మాకు తెలిసిన ఒక ఆరో తరగతి పిల్ల మూడు రోజులు చారన్నం చెంచాతో తింది. వాళ్ళమ్మ, బడిలో నేర్చుకుందేమో అనుకుని మురిసిపోయింది. నాలుగో రోజు చెంచా కనబడక చేత్తో కలపబోయి, వేడి చారు తగలగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడు చూస్తే అరచేతిలో అడ్డంగా రెండు గీతలు, అంచుల దగ్గర నీలం. ఆదివారం రాత్రి కడుపునొప్పి, ఒక సబ్జెక్టు ఉన్న రోజునే జ్వరం, పక్క తడపడం, బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి పుల్లతో కొట్టడం, ఇలాంటివి కనబడితే తిట్టకండి. "ఎవరు కొట్టారు?" అని పోలీసులా అడగకుండా, "ఈ రోజు మీ క్లాసులో ఎవరికి దెబ్బలు పడ్డాయి?" అని అడగండి. తన సంగతి చెప్పని పిల్ల పక్కపిల్ల సంగతి చెప్తుంది.

మా బడిలో మొదలుపెట్టాలంటే ఏం కావాలి?

గుణుపూర్ నుంచి, కాశీనగర్ నుంచి కూడా పిల్లలు ఇదే అడిగారు. ఒక బూట్ల డబ్బా, జిగురు, ఇద్దరు ముగ్గురు ధైర్యమున్న పిల్లలు, వాళ్ళని వదిలి పారిపోని ఒక పెద్దమనిషి. హెడ్‌మాస్టర్‌కి చెప్పే పెట్టండి, దొంగచాటుగా వద్దు. చీటీలు చదవడానికి ఒక టీచరు, ఒక అమ్మ, ఇద్దరు పిల్లలు ఉండేలా చూడండి. తాళం చెవి పిల్లల దగ్గర ఉండాలి, ఇది మాత్రం వదులుకోకండి. మొదటి నెల చీటీల్లో చాలావరకు చాక్లెట్ కావాలి, ఫ్యాన్ తిరగట్లేదు, బాత్రూమ్‌లో నీళ్ళు లేవు అనే వస్తాయి. వాటిలో ఒకటైనా వెంటనే చేయించండి, మా బడిలో ముందు బాగుపడింది ఫ్యానే. ఫ్యాను తిరిగిన తరవాతి వారమే అసలు చీటీలు ఎక్కువగా రావడం మొదలైంది. కాపీలకి మా షాపుకి రండి, ఈ పనికి డబ్బులు తీసుకోను.